మెడిక్లెయిమ్ ఉండగా మళ్ళీ క్యాన్సర్ పాలసీ ఎందుకండీ?

ప్రశ్న: నమస్తే అండి. మాది తెనాలి. నాకు 37 ఏళ్ళు, మా ఆయనకి 42. ఆయనకి సెల్‌ఫోన్ రిపేర్ షాపు ఉంది, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, పిల్లలిద్దరు. రెండేళ్ళ కింద మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, దేవుడి దయవల్ల ఇప్పుడు బాగానే ఉంది. ఆస్పత్రి బిల్లు చాలావరకు ఆరోగ్యశ్రీలోనే పోయింది, కానీ పై ఖర్చులకే మూడున్నర లక్షలు అప్పు చేశాం, ఇంకా నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతూనే ఉన్నాం. మా పెద్దమ్మ కూడా ఇదే జబ్బుతో పోయింది. మా నలుగురికీ కలిపి 5 లక్షల మెడిక్లెయిమ్ ఉంది. ఇప్పుడు మా ఆడపడుచు వాళ్ళాయన (ఆయన ఏజెంటు) మా ఇద్దరికీ చెరో 20 లక్షలకి క్యాన్సర్ పాలసీ విడిగా తీసుకోమని ఒకటే పట్టు. ఉన్నదాని మీద మళ్ళీ ఇదెందుకని మా ఆయన. ఒకే జబ్బుకి రెండు చోట్లా డబ్బులిస్తారా? అమ్మ సంగతి ఫారంలో రాయక్కర్లేదంటున్నారు, నిజమేనా? అమ్మ పేరు మీద తీసుకోవచ్చా? డాలస్‌లో ఉన్న మా చెల్లికి కూడా ఆఫీసులో ఇలాంటిదే ఏదో ఇస్తామంటున్నారట, తనకి అవసరమా?

జవాబు: చెల్లెమ్మా, ఇదెందుకు అని మీ ఆయన అడిగిన దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, ఆ మూడున్నర లక్షల అప్పు. ఆస్పత్రి బిల్లు గవర్నమెంటు కట్టినా ఆ అప్పు ఎందుకయిందో ఒక్కసారి మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద రాయండి, నేను పందెం కాస్తా, అందులో సగం పైన ఏ మెడిక్లెయిమూ ఇవ్వని ఖర్చులే ఉంటాయి. నేను చాలా కాలం ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ మీద కూర్చున్నదాన్ని, ఆ లిస్టు నాకు దాదాపు నోటికొచ్చు. గడ్డ కనపడిన రోజు నుంచి బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా నలుగురు డాక్టర్ల ఫీజులు, మామోగ్రామ్, స్కానింగులు. కీమో ఎక్కిన మర్నాడు తెల్లకణాలు పెరగడానికని ఇంజెక్షన్ రాస్తారు, అది ఆస్పత్రిలో వేస్తే ఒక లెక్క, బయట కొనుక్కొచ్చి ఇంటి దగ్గర కాంపౌండర్‌తో వేయించుకుంటే ఇంకో లెక్క. రేడియేషన్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్ళాలి, మూడు వారాలు కావచ్చు ఐదు వారాలు కావచ్చు, మిషన్ కింద పడుకునేది ఐదు పది నిమిషాలే కానీ దానికోసం తెనాలి నుంచి విజయవాడకి రోజూ కారు మాట్లాడుకోవాలి, లేదంటే ఆస్పత్రి దగ్గర గది అద్దెకి తీసుకుని వంట సామాను పట్టుకెళ్ళి ఒక మనిషి అక్కడే ఉండాలి. ఆ మనిషి మీరే అయ్యుంటారు. అంటే స్కూల్లో జీతం కట్. మీ ఆయన షాపు మధ్యాహ్నం షట్టర్ వేసి వచ్చుంటారు, రిపేరుకి వచ్చినవాళ్ళు పక్క షాపుకి పోతారు, ఆ బేరం మళ్ళీ తిరిగి రాదు. పిల్లల ఫీజు లేటు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది ఇందుకే.

క్యాన్సర్ పాలసీ ఉండేది ఈ ఖర్చులకి. ఆస్పత్రి బిల్లు కట్టడానికి కాదు. ఈ తేడా చెప్పకుండా ఏజెంట్లు “క్యాన్సర్ వస్తే 20 లక్షలండీ” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అందుకే మీ ఆయనకి ఉన్నదాని మీద మళ్ళీ ఎందుకనిపించింది, ఆయన అనుకోవడంలో తప్పులేదు.

మెడిక్లెయిమ్ అంటే బిల్లు ఎంతయితే అంత, లిమిట్ దాకా, ఆస్పత్రికే పోతుంది లేదా మీరు కట్టి తెచ్చుకుంటారు. బిల్లు లేకపోతే రూపాయి రాదు. క్యాన్సర్ పాలసీకి బిల్లుతో పనిలేదు. ఫలానా జబ్బు ఫలానా స్టేజీలో ఉందని బయాప్సీ రిపోర్టు తేల్చితే, ముందే ఒప్పుకున్న మొత్తం మీ బ్యాంకు అకౌంట్లో పడుతుంది. ఆ డబ్బుతో గది అద్దె కట్టుకుంటారా, షాపు అద్దె కట్టుకుంటారా, కూలి మనిషిని పెట్టుకుంటారా, ఇంకో డాక్టర్ సలహా కోసం హైదరాబాద్ వెళ్తారా, ఎవరూ అడగరు. కాబట్టి ఒకే జబ్బుకి రెండు చోట్లా ఇస్తారా అంటే ఇస్తారు, మెడిక్లెయిమ్ వాళ్ళు బిల్లు కట్టారని వీళ్ళు కోత పెట్టకూడదు, ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేయించుకున్నా సరే వీళ్ళు ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. ఒరిజినల్ బిల్లులు మెడిక్లెయిమ్ కంపెనీకి పోతాయి కాబట్టి ముందే రెండు మూడు సెట్లు జిరాక్స్ తీయించి ఆస్పత్రి స్టాంపు వేయించుకోండి, డిశ్చార్జ్ అయ్యాక దానికోసం మళ్ళీ తిరగడం మహా చిరాకు.

లెక్క ఎలా ఉంటుందో చూడాలంటే ఎల్ఐసీ వాళ్ళు 2017లో తెచ్చిన క్యాన్సర్ కవర్ తీసుకుందాం, దాని షరతులు కాస్త అర్థమయ్యేలా ఉంటాయి. 20 లక్షలకి తీసుకున్నారనుకోండి. తొలి స్టేజీలో దొరికితే 25 శాతం, అంటే 5 లక్షలు ఇచ్చి మూడేళ్ళ ప్రీమియం మాఫీ చేస్తారు. తర్వాత ఎప్పుడైనా ముదిరిన స్టేజీ అని తేలితే మిగతా 15 లక్షలు, ముందు తొలి స్టేజీ క్లెయిమ్ ఏమీ లేకపోతే నేరుగా 20 లక్షలు. ఆ పైన నెలకి ఒక శాతం, అంటే 20 వేలు, పదేళ్ళ పాటు నెలనెలా. ఇక ప్రీమియం కట్టక్కర్లేదు. మధ్యలో మనిషి పోయినా మిగిలిన నెలల డబ్బు నామినీకి వస్తుంది. నా దృష్టిలో ఆ ఒకేసారి వచ్చే పెద్ద మొత్తం కంటే ఈ నెలనెలా వచ్చేదే గొప్ప, ఎందుకంటే పెద్ద మొత్తం వచ్చిందని తెలిస్తే చుట్టాల్లో ఎవరో ఒకరికి అవసరం పడుతుంది, నెలకి 20 వేలు మాత్రం చడీచప్పుడు లేకుండా కిరాణా కొట్టుకీ స్కూల్ ఫీజుకీ పోతుంది. ఇంకో సంగతి, ఇందులో జబ్బు రాకపోతే చివర్లో తిరిగి వచ్చేది ఏమీ ఉండదు, వేరే కారణంతో మనిషి పోయినా ఏమీ రాదు. “కట్టిన డబ్బులు ఎక్కడికీ పోవండీ” అని ఎవరైనా అంటే అది వేరే పాలసీ అయినా అయ్యుండాలి, లేదా ఆ మాట అబద్ధమైనా అయ్యుండాలి. మీకు చూపిస్తున్నది ఏ కంపెనీదో మీరు రాయలేదు, ఒక్కో కంపెనీ శాతాలు ఒక్కోలా ఉంటాయి, నేను చెప్పిన లెక్క పక్కన పెట్టుకుని మీ కాగితంలో ఎంతుందో చూసుకోండి.

అయితే దీనికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది మీ ఏజెంటు అన్నయ్యగారు (మీ ఆడపడుచు వాళ్ళాయన) చెప్పి ఉండరు. నలుగురికీ కలిపి 5 లక్షలు అనేది ఈ రోజుల్లో చాలదు. ఏ ఒక్కరికి పెద్ద జబ్బు వచ్చినా ఆ ఏడాది మిగతా ముగ్గురికీ కవర్ లేనట్టే. రొమ్ము క్యాన్సర్‌లోనే హెర్2 పాజిటివ్ అని ఒక రకం ఉంది, దానికి మామూలు కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు వారాలకోసారి ఏడాది పాటు ఎక్కిస్తారు, ఇప్పుడు మన దేశంలోనే బయోసిమిలర్లు, అంటే దాదాపు అదే మందుని వేరే కంపెనీలు చేసేవి, తయారవుతున్నాయి కాబట్టి రేటు తగ్గింది గానీ అయినా 5 లక్షల పాలసీని తినేయడానికి అది చాలు. కాబట్టి ముందు సూపర్ టాపప్ తీసుకోండి. మొదటి 5 లక్షలు మీ పాత పాలసీ కడుతుంది, అది దాటాక ఇంకో 15 లక్షలో 20 లక్షలో ఈ సూపర్ టాపప్ కడుతుంది, మొదటి 5 లక్షల భారం దానిమీద లేదు కాబట్టి ప్రీమియం తక్కువే ఉంటుంది.

ఇక్కడ జాగ్రత్త, “టాపప్” వేరు “సూపర్ టాపప్” వేరు. ఉత్త టాపప్‌లో ఒక్కో అడ్మిషన్ బిల్లు విడివిడిగా 5 లక్షలు దాటాలి. కీమో అంటే ఒక రోజు ఉదయం చేరి సాయంత్రం ఇంటికొచ్చేది, దాని బిల్లు ఏ నలభై వేలో అవుతుంది, అలాంటివి పది అయినా ఒక్కటి కూడా 5 లక్షలు దాటదు, టాపప్ కాగితం బీరువాలోనే ఉంటుంది. సూపర్ టాపప్‌లో ఏడాది మొత్తం బిల్లులన్నీ కలిపి లెక్కేస్తారు. క్యాన్సర్‌కి పనికొచ్చేది ఇదే. పేరులో ఒక్క మాట తేడాకి ఎంతమంది దెబ్బతిన్నారో నేను డెస్క్ అవతల నుంచి చూశాను.

మీ పాత పాలసీ కాగితం కూడా తీసి, “మోడరన్ ట్రీట్‌మెంట్స్” అనే హెడ్డింగ్ కింద ఏముందో చూడండి. నోటితో వేసుకునే కీమో మాత్రలు, ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు, రోబో సర్జరీ, ఇలాంటి వాటిని “కవర్ చేయం” అని మాత్రం అనొద్దని ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) 2019లో కంపెనీలకి చెప్పింది, కానీ లిమిట్ పెట్టుకోనిచ్చింది. కొన్ని పాలసీల్లో పూర్తి సొమ్ము ఇస్తారు, కొన్నింటిలో సగం, కొన్నింటిలో ఒక లక్ష. ఇమ్యునోథెరపీకి లక్ష ఏ మూలకీ రాదు.

ఇప్పుడు పాలసీలో స్టేజీల గొడవకి వద్దాం, ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, మీ ఇంటి పరిస్థితికి ఇదే అసలు విషయం. మార్కెట్లో “క్రిటికల్ ఇల్‌నెస్” పాలసీలు వేరే ఉంటాయి, గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూర్, క్యాన్సర్ అన్నీ కలిపి. వాటిల్లో క్యాన్సర్ అంటే ఏంటో ఐఆర్‌డీఏఐ ఒక నిర్వచనం ఇచ్చింది, అందరూ అదే వాడతారు. దాని ప్రకారం పుట్టినచోటే ఉండి పక్క కణజాలంలోకి పాకని క్యాన్సర్, డాక్టర్లు “ఇన్ సిటు” అంటారు, అది లెక్కలోకి రాదు. థైరాయిడ్‌లో చిన్న గడ్డ దశలో దొరికితే అదీ రాదు. ప్రొస్టేట్‌లో తొలి దశదీ రాదు. ఇందులో వింత ఏంటంటే, మీలాగా ఇంట్లో ఇద్దరికి వచ్చిందని జాగ్రత్తపడి టైముకి మామోగ్రామ్ చేయించుకునేవాళ్ళకి ఒకవేళ జబ్బు దొరికితే ఇలా తొలి దశలో దొరికే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఆపరేషన్ చేస్తారు, రేడియేషన్ కూడా ఇవ్వొచ్చు, మీరు నెలల తరబడి ఇంట్లో కూర్చోవాలి, కానీ చాలా క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలు ఒక్క రూపాయి ఇవ్వవు. క్యాన్సర్‌కే ప్రత్యేకంగా ఉన్న పాలసీలు చాలావరకు ఈ తొలి దశకి కూడా ఎంతో కొంత ఇస్తాయి.

అందుకే నా సలహా మీ ఇద్దరికీ ఒకటే కాదు. మీకు క్యాన్సర్ పాలసీ సరైనది. మీ ఆయనకి మాత్రం క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ మేలు. 42 ఏళ్ళు, పొద్దస్తమానం షాపులో కూర్చునే పని, వాళ్ళ వైపు క్యాన్సర్ ఉన్నట్టు మీరు రాయలేదు, ఆ వయసు మగవాళ్ళకి గుండె, షుగరు, పక్షవాతం భయం తక్కువేం కాదు, ఒక్క క్యాన్సర్‌కే డబ్బు కట్టి మిగతావన్నీ వదిలేయడం ఎందుకు. చెరో 20 లక్షలు కూడా అక్కర్లేదు. ఇంట్లోకి నెలకి ఎంతొస్తుందో చూసుకోండి, దాన్ని ఒక 18 నెలలకో 24 నెలలకో లెక్కేయండి, ఎందుకంటే ట్రీట్‌మెంటు ఏడాది, తర్వాత మనిషి మళ్ళీ పనిలో పడేదాకా ఇంకొన్నాళ్ళు. దానికి పై ఖర్చులకని ఇంకో మూడు నాలుగు లక్షలు కలపండి, ఆ ఖర్చు ఎంతవుతుందో మీకు అనుభవమే. మీకు ఏ 10 లక్షలో 15 లక్షలో తేలుతుంది. ప్రీమియం భారమై మూడో ఏడు ఆపేసే 20 లక్షల పాలసీ కంటే పదిహేనేళ్ళు కట్టగలిగే 10 లక్షల పాలసీ మంచిది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్, లైఫ్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, పాత రేటు పట్టిక చూపించి డబ్బు అడిగితే ఆ సంగతి గుర్తుచేయండి.

కట్టడం ఆపితే ఏమవుతుందో కూడా చెప్పాలి. పాలసీ తీసుకున్న రోజు నుంచి కొన్నాళ్ళు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఇందాకటి ఎల్ఐసీ దాంట్లో 180 రోజులు. ఆ లోపు జబ్బు బయటపడితే ఏమీ రాదు. ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయి, అంటే ఆగిపోయి, మళ్ళీ డబ్బు కట్టి బతికించుకున్నారనుకోండి, ఆ 180 రోజులు మళ్ళీ మొదటి నుంచి లెక్క. అంటే ఎనిమిదేళ్ళు కట్టి, తొమ్మిదో ఏడు మర్చిపోయి, తర్వాత కట్టినవాళ్ళు కొత్తగా తీసుకున్నవాళ్ళతో సమానం అన్నమాట. బ్యాంకు నుంచి ఆటో డెబిట్ పెట్టేయండి, అన్నయ్యగారు వచ్చి గుర్తుచేస్తారులే అనుకోకండి.

అమ్మ సంగతి ఫారంలో రాయక్కర్లేదు అన్న మాట మాత్రం వినొద్దు. రాయండి. అమ్మకి రొమ్ము క్యాన్సర్, ఏ వయసులో వచ్చింది, పెద్దమ్మ గురించి అడిగితే అదీ. ఫారంలో కుటుంబ చరిత్ర అనే ప్రశ్న ఉంటుంది, అక్కడ “లేదు” అని టిక్కు పెట్టి రేపు క్లెయిమ్ వేస్తే, మీ అమ్మగారి ఆరోగ్యశ్రీ రికార్డు ఎక్కడికీ పోదు, మీ సొంత కేస్‌షీట్లో డాక్టరే “తల్లికి ఉంది” అని రాస్తాడు, ఎందుకంటే ఆయనకి అది అవసరమైన సమాచారం. ఐదేళ్ళు ఆగకుండా కట్టిన హెల్త్ పాలసీని తర్వాత ప్రశ్నించకూడదని 2024లో రూల్ వచ్చింది నిజమే, కానీ మోసం అయితే ఆ రూల్ వర్తించదు, తెలిసి దాచడాన్ని వాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు. నిజం రాస్తే ఏమవుతుంది, ప్రీమియం కొంత పెంచుతారు, ఇంకొన్ని టెస్టులు అడుగుతారు, మహా అయితే “ఇవ్వం” అంటారు. ఒక కంపెనీ ఇవ్వనంటే ఇంకో కంపెనీ చూసుకోవచ్చు. ఫారం మీరే స్వయంగా నింపండి, లేదా ఆయన నింపాక ప్రతి పేజీ చదివి సంతకం పెట్టండి, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి “మిగతాది నువ్వు చూసుకో అన్నయ్యా” అనొద్దు. చుట్టరికం చుట్టరికమే, రేపు క్లెయిమ్ పోతే అడిగేది కంపెనీ ఆయన్ని కాదు.

క్లెయిమ్ పోయే ఇంకో దారి ఉంది, ఇది బయటవాళ్ళకి తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీలో “హిస్టరీ” అని ఒక పేరా ఉంటుంది. రాత్రి పదింటికి డ్యూటీ డాక్టర్ కుర్రాడు వచ్చి “ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా గడ్డ?” అని అడుగుతాడు, పేషెంటు నీరసంలో “చాలా రోజులైంది బాబూ, ఏడాది నుంచేమో” అంటుంది, నిజానికి ఆమె చెప్పేది ఎప్పటిదో పాలిచ్చే రోజుల నాటి నొప్పి గురించి, ఆ కుర్రాడు “ఒక సంవత్సరం నుంచి గడ్డ” అని రాసేస్తాడు. పాలసీకి పదకొండు నెలలు. అయిపోయింది, పాలసీ ముందే లక్షణాలున్నాయని క్లెయిమ్ రిజెక్ట్. నేను చూసిన రిజెక్షన్లలో సగం గొడవ ఈ ఒక్క లైన్ మీదే. కాబట్టి ఎవరికైనా సరే, డాక్టర్ అడిగినప్పుడు గుర్తున్నంతవరకు కచ్చితంగా, నిజంగా ఎప్పుడు కనిపించిందో అదే చెప్పండి, అంచనాగా ఏదో ఒకటి అనేయొద్దు, డిశ్చార్జ్ రోజు సమ్మరీ చేతికిచ్చాక కౌంటర్ దగ్గరే చదవండి, తప్పుంటే అప్పుడే సరిదిద్దించుకోండి. వారం తర్వాత వెళ్తే మార్చరు, మార్చినా కంపెనీ నమ్మదు.

అన్యాయంగా రిజెక్ట్ చేశారనిపిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పెట్టండి, నెల రోజులు చూడండి, తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసుంది, మన రెండు రాష్ట్రాలకీ అదే. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

అమ్మగారి పేరు మీద అంటారా, ఇలాంటి కొత్త పాలసీ ఆవిడకి రాదు, ఒకసారి క్యాన్సర్ వచ్చినవాళ్ళకి ఇవ్వరు, వచ్చినట్టు దాచి తీసుకుంటే పైన చెప్పిందే. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళ కోసమని ప్రత్యేకంగా పెట్టిన మెడిక్లెయిమ్ పాలసీలు ఉన్నాయి, స్టార్ హెల్త్‌లో ఒకటుంది, కానీ వాటిలో వెయిటింగ్, లిమిట్లు చూసుకునే నిర్ణయం తీసుకోవాలి. ఆవిడకి ముందున్న దారి మీకు తెలిసిందే, ఆరోగ్యశ్రీ. ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, కార్డు వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పెట్టుకోండి. 70 ఏళ్ళు నిండినవాళ్ళకైతే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షల కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు, మీ నాన్నగారికో అత్తమామలకో ఆ వయసుంటే చేయించండి. చెకప్‌కి రైల్లో హైదరాబాద్ తీసుకెళ్తే క్యాన్సర్ పేషెంటుకి, తోడు వెళ్ళే మనిషికి రైల్వే రాయితీ ఉంది, ఆస్పత్రి నుంచి సర్టిఫికెట్ ఫారం రాయించుకోవాలి. అడిగితే గానీ ఎవరూ చెప్పరు.

మీకోసం ఇంకో మాట. అమ్మకి, పెద్దమ్మకి ఇద్దరికీ వచ్చింది కాబట్టి అమ్మని చూసిన ఆంకాలజిస్టునే (క్యాన్సర్ డాక్టర్నే) అడగండి, మీకు మామోగ్రామ్ ఎప్పటి నుంచి, ఎన్నాళ్ళకోసారి, వంశపారంపర్యంగా వచ్చే రిస్కు ఉందో లేదో చూసే బీఆర్‌సీఏ జీన్ టెస్టు అవసరమా అని. ఒకవేళ ఇప్పటికే ఏదైనా తేడాగా తగులుతోందా, పాలసీ సంగతి అవతల పెట్టి రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. 180 రోజులు దాటేదాకా ఆగి చూపించుకుందాం అని ఆలోచించిన వాళ్ళు నాకు తగిలారు, పోయింది డబ్బు ఒక్కటే కాదు.

మీ చెల్లి విషయం వేరే లెక్క. అమెరికాలో ఈ రకం పాలసీలు పాతవే, అఫ్లాక్ అనే కంపెనీ 1958 నుంచే క్యాన్సర్ పాలసీలు అమ్ముతోంది. అక్కడ ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నా డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ మొదలయ్యేలోపు మనమే కట్టేది), కో ఇన్సూరెన్స్ (ఆ తర్వాత బిల్లులో మన వాటా) కలిపి మనిషి జేబులోంచి ఏడాదికి కొంత కట్టాలి, చట్ట ప్రకారం దానికో గరిష్ఠం ఉంది, 2026కి ఒక్కరికి నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో 10,600 డాలర్లు, మీ చెల్లి ప్లాన్‌లో ఇంకా తక్కువే ఉండొచ్చు. జబ్బు డిసెంబర్‌లో బయటపడితే జనవరి నుంచి మళ్ళీ కొత్త లెక్క, అంటే రెండేళ్ళ డబ్బు రెండు నెలల్లో. ఈ సప్లిమెంటల్ పాలసీ ఆ గ్యాప్‌కి. జబ్బు తేలగానే ఇంత, కీమో రోజుకి ఇంత, ఆస్పత్రిలో ఉన్న రోజుకి ఇంత, దూరం వెళ్తే ప్రయాణానికి ఇంత అని పట్టిక ఉంటుంది, డబ్బు తన చేతికే వస్తుంది. ఆ గరిష్ఠం మొత్తం హెచ్‌ఎస్‌ఏ అకౌంట్లోనో (వైద్య ఖర్చులకని పన్ను లేకుండా దాచుకునే ఖాతా) సేవింగ్స్‌లోనో ఉంటే తనకి పెద్ద అవసరం లేదు, లేకపోతే జీతంలోంచి పోయే చిన్న మొత్తమే కాబట్టి ఆలోచించొచ్చు. ఇలాంటి పాలసీ ఉందని హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయడానికి అడ్డేమీ ఉండదు. ఉద్యోగం మారితే పాలసీ తనతో వస్తుందా లేదా అని హెచ్‌ఆర్‌ని అడగమనండి, వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్న మరీ ముఖ్యం. అన్నట్టు సొంత అమ్మకి వచ్చింది కాబట్టి తనూ ఆ సంగతి అక్కడి డాక్టర్‌కి చెప్పి ఉండాలి, చెప్పిందో లేదో కనుక్కోండి.

ఇక చేయాల్సిన వరుస. ముందు సూపర్ టాపప్, అది చేతికొచ్చాక మీకు క్యాన్సర్ పాలసీ, మీ ఆయనకి క్రిటికల్ ఇల్‌నెస్. మూడు రూపాయల వడ్డీ అప్పు ఇంకా ఉంది కాబట్టి మూడూ ఒకే నెలలో కట్టాల్సిన పనిలేదు. గాజులో గొలుసో ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టి ఆ అప్పు ముందు తీర్చేస్తే వడ్డీలో మిగిలేదే ఒక ప్రీమియం కావచ్చు, లెక్కేసి చూడండి. పాలసీ చేతికొచ్చాక 30 రోజులు ఫ్రీ లుక్ ఉంటుంది, నచ్చకపోతే వెనక్కిచ్చి కొద్దిపాటి కోతలు పోను డబ్బు తెచ్చుకోవచ్చు, ఆ నెలలోనే నిర్వచనాల పేజీ, మినహాయింపుల పేజీ చదవండి. అర్థం కాకపోతే ఆ రెండు పేజీలూ ఫొటో తీసి పంపండి, పాలసీ నంబరూ పేరూ మాత్రం కనపడకుండా చెరిపి.